పారాచూట్ తెరుచుకున్నాక వచ్చే నిశ్శబ్దం మీద పాట వేయకండి

ప్రశ్న: అన్నగారూ, నమస్తే. మాది అమలాపురం దగ్గర ఒక ఊరు. 8 ఏళ్లుగా పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్నాను. దుబాయ్‌లో పనిచేసే మా పెద్దమ్మగారి అబ్బాయి ఈమధ్య అక్కడ స్కైడైవింగ్ చేశాడు. వెనకాల ఇన్‌స్ట్రక్టర్ ఉండి ఇద్దరూ కలిసి దూకే టాండెమ్ జంప్. ఇన్‌స్ట్రక్టర్ చేతికి ఉన్న కెమెరాది, పక్కనే దూకిన కెమెరామన్‌ది, రెండు ఫుటేజీలూ ఊరికి వచ్చేవాళ్లతో పెన్‌డ్రైవ్‌లో పంపాడు. సంక్రాంతికి అందరం కలిసినప్పుడు పెరట్లో తెర కట్టి అమ్మమ్మకి చూపించాలని వాడి కోరిక. సినిమా పాట, స్లో మోషన్, మెరుపులు అన్నీ పెట్టి 11 నిమిషాల వీడియో చేసి పంపాను. "బాగుంది రా" అన్నాడు, అంతే. ఏదో లోటు ఉంది. ప్రీమియర్ ప్రో లేకపోతే ఇలాంటివి కుదరవని ఫ్రెండ్స్ అంటున్నారు. నా లాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్. స్టూడియోలో ఎడియస్ ఉంది. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి? ఊగే షాట్లు ఎలా సరిచేయాలి? గాలి హోరు తీసేయాలా? ఈసారి దూకేటప్పుడు నా గోప్రో కెమెరా ఇచ్చి పంపనా? ఈ పని మీద బతకొచ్చా?

జవాబు:

మీ అన్నయ్య అన్న ఆ "బాగుంది రా" చదివి కాసేపు ఆగిపోయాను. ఆ మాట నాకూ తెలుసు. కొన్నేళ్ల కిందట రాజమండ్రిలో ఒకావిడ హర్యానాలోని నార్నౌల్‌లో దూకి వచ్చి, ఆ ఫుటేజీ నా చేతిలో పెట్టారు. అంతకుముందు నేను ఇలాంటి వీడియో ముట్టుకోలేదు. పెళ్లి వీడియోకి అలవాటైన చేతితోనే చేసేశాను. మొదటి నుంచి చివరి వరకు ఒకటే పాట, కట్ పడిన ప్రతిచోటా ఒక ఎఫెక్టు. ఆవిడ రెండుసార్లు చూసి నెమ్మదిగా అన్నారు: "బాగానే ఉందండి. కానీ పారాచూట్ తెరుచుకోగానే ఆ హోరంతా ఒక్కసారి ఆగిపోయింది. నా ఊపిరి నాకే వినిపించింది. నాకు బాగా గుర్తున్నది అదే. ఇందులో అది లేదు." ఆవిడ వెళ్లాక పాట ట్రాక్ మ్యూట్ చేసి మళ్లీ చూశాను. సరిగ్గా ఆ క్షణం మీద నేను పాట చరణం పరిచేశాను.

మీరు కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి పంటు మీద గోదావరి దాటే ఉంటారు. ఒడ్డు దగ్గరపడగానే ఇంజను ఆపుతారు చూడండి. అంతసేపూ చెవుల్లో మోగిన టకటక ఆగేసరికి, నీళ్లు చెక్కకి తగిలే చప్పుడు, రేవులో ఎవరో ఎవరినో పిలిచే కేక, అన్నీ ఒక్కసారే వినిపిస్తాయి. అవన్నీ అప్పటిదాకా అక్కడే ఉన్నాయి, మనకి వినపడలేదు. మీ అన్నయ్యకి ఆకాశంలో జరిగింది అలాంటిదే, దానికి వందరెట్లు. మీ వీడియోలో లోటు అక్కడ ఉండి ఉంటుందని నా అనుమానం. అందుకే సాఫ్ట్‌వేర్ పేర్లు తర్వాత చెబుతాను. ముందు ఆ జంప్ ఎలా నడుస్తుందో చూద్దాం.

దుబాయ్‌లో పామ్ అనే దీవి మీద టాండెమ్ జంప్ అంటే సుమారు 13,000 అడుగుల ఎత్తు నుంచి. తలుపు దాటాక దాదాపు 60 సెకన్ల ఫ్రీఫాల్, అంటే పెద్ద పారాచూట్ తెరవకుండా పడిపోవడం. వేగం గంటకు 200 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఇద్దరి బరువుతో అంతకన్నా వేగం పెరగకుండా దూకిన కొన్ని సెకన్లకే ఇన్‌స్ట్రక్టర్ డ్రోగ్ అనే చిన్న పారాచూట్ వదులుతాడు. తర్వాత పెద్ద పారాచూట్ తెరుచుకుని, దాని కింద ఐదు నిమిషాలు అటూ ఇటూగా తేలుతూ దిగుతారు. మొత్తం కథ ఇంతే. ఇందులో దూకడం ఒక్క నిమిషం. ఆ నిమిషాన్ని మీరు స్లో మోషన్‌తో ఎంత సాగదీశారో టైమ్‌లైన్ తెరిచి కొలవండి. నాలుగైదు నిమిషాలు ఉన్నా నేను ఆశ్చర్యపోను. అంతసేపు నెమ్మదిగా నడిస్తే చూసేవాళ్లకి మనిషి పడుతున్నట్టు ఉండదు, నీళ్లలో తేలుతున్నట్టు ఉంటుంది. వేగమే ఆ నిమిషానికి ప్రాణం. దాన్ని ఉన్న వేగంతోనే ఉంచండి.

స్లో మోషన్ వల్ల ఇంకో ఇబ్బంది ఉంది. ఆ గాలికి బుగ్గలు అలలు అలలుగా కొట్టుకుంటాయి, నోటి నుంచి లాలాజలం ఎగురుతుంది. మామూలు వేగంలో అది కంటికి ఆనదు, మనిషి నవ్వే కనిపిస్తుంది. నెమ్మదిస్తే నవ్వు పోయి బుగ్గలే మిగులుతాయి. కాబట్టి స్లో మోషన్ రెండుచోట్ల చాలు. కాళ్లు తలుపు వదిలే అర సెకను ఒకటి. చేతులు చాచి కెమెరా వైపు చూసి నవ్విన ముక్క, అలాంటిది ఉంటే, అదొకటి.

ఇప్పుడు శబ్దం. "గాలి హోరు తీసేయాలా" అని అడిగారు. తీసేయకండి, తగ్గించండి. ఫ్రీఫాల్‌లో కెమెరా మైకుకి అందేది హోరు ఒక్కటే, దాని కింద మాటలేమీ దాగి లేవు. నాయిస్ రిడక్షన్ వేసి గంటసేపు కుస్తీ పట్టినా చివరికి డబ్బాలో రాళ్లు కదిలినట్టు ఒక చప్పుడు మిగులుతుంది. హై పాస్ ఫిల్టర్ పెట్టి 100 హెర్ట్జ్ కింద ఉన్న బొంగురు భాగాన్ని కోసేయండి. మిగిలినదాన్ని పాట కింద సన్నగా వినపడేంత ఉంచండి. విమానం లోపలి ఇంజను మోత కూడా ఉండాలి. తలుపు తెరిచినప్పుడు గాలి లోపలికి దూసుకొచ్చే చప్పుడు మరీ ముఖ్యం. మెరుపు ఎఫెక్టులు ఎన్ని పెట్టినా చేయలేని పనిని ఆ ఒక్క చప్పుడు చేస్తుంది. పెరట్లో కూర్చున్నవాళ్లు దానికే ఉలిక్కిపడతారు.

పారాచూట్ తెరుచుకునే చోట పాటని ఫేడ్ చేయకండి, ఒక్క ఫ్రేములో కోసేయండి. హోరూ అప్పుడే ఆగాలి. ఆ తర్వాత ఏడెనిమిది సెకన్లు కెమెరాలో ఉన్న అసలు శబ్దం తప్ప ఏమీ వద్దు. మొదటిసారి వింటున్నప్పుడు ఏదో తప్పు జరిగిందనిపించి చేయి మౌస్ మీదకి వెళుతుంది. ఆపుకోండి. ఇన్‌స్ట్రక్టర్ చేతి కెమెరాలో, అంటే హ్యాండ్‌క్యామ్‌లో, ఆ నిశ్శబ్దంలో మాటలు స్పష్టంగా పడతాయి. మీ అన్నయ్య అక్కడ కచ్చితంగా ఏదో అని ఉంటాడు. దుబాయ్‌లో ఎన్నేళ్లు ఉన్నా ఆ క్షణంలో నోట్లోంచి వచ్చేది తెలుగే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ ఐదు నిమిషాలూ పూర్తిగా వినండి. "అమ్మో" అన్నా, "ఓరి దేవుడా" అన్నా, ఆ మాట మీ వీడియోలో ఉండి తీరాలి.

పాట గురించి ఒక మాట. పెరట్లో ఇంటివాళ్లు చూసే కాపీకి సినిమా పాట పెట్టుకుంటే పెట్టుకున్నారు. యూట్యూబ్‌లో పెడితే మాత్రం ఆడియో కంపెనీ క్లెయిమ్ వస్తుంది. వీడియోలో శబ్దం పోవచ్చు, వీడియోనే ఆగిపోవచ్చు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితంగా వాడుకునే సంగీతం చాలా ఉంది. నాకైతే ఇంకో కోరిక ఉంది. మీ ఊరి జాతరలో గరగల డప్పు మీరే రికార్డు చేసి ఉంటే, ఆ కళాకారుల్ని అడిగి, విమానం పైకి వెళ్లే భాగానికి వేసి చూడండి. నెమ్మదిగా మొదలై ఉధృతం అవుతుంది కదా, ఆ పైకెళ్లడానికి అంత నప్పే తాళం బయట దొరకదు.

ఇక సాఫ్ట్‌వేర్. మీ స్టూడియోలో ఉన్న ఎడియస్‌లోనే చేయండి. 8 ఏళ్లుగా చేయి తిరిగిన పనిముట్టు అది. ప్రీమియర్ ప్రో మంచిదే, కాదనను. కానీ అది నెలనెలా అద్దె కట్టే సరుకు, పైగా ఈ ఒక్క వీడియో కోసం కొత్త షార్ట్‌కట్‌లు నేర్చుకుంటూ కూర్చుంటే సంక్రాంతి దాటిపోతుంది. ఒకటి చూసుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఫైలు పేర్లు జీఎక్స్ అని మొదలైతే అవి గోప్రో తీసిన హెచ్‌ఈవీసీ ఫైళ్లు, అంటే వీడియోని ఎక్కువ కుదించే కొత్త ఫార్మాట్. జీహెచ్ అని ఉంటే మామూలు హెచ్.264. ఎడియస్ కొత్త వెర్షన్లు హెచ్‌ఈవీసీని ఇంటెల్ ప్రాసెసర్‌లోని క్విక్ సింక్ సాయంతో చక్కగా నడుపుతాయి. పాత వెర్షన్‌లో తెరుచుకోకపోతే, షటర్ ఎన్‌కోడర్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఎడిటింగ్‌కి అనువైన ఫార్మాట్‌లోకి మార్చుకోండి.

ఇంట్లో లాప్‌టాప్ మీదే చేయాలంటే షాట్‌కట్, కేడెన్‌లైవ్ అనేవి ఉన్నాయి. రెండూ ఉచితం, ఓపెన్ సోర్స్. 8 జీబీ ర్యామ్‌తో 4కే ఫుటేజీని నేరుగా లాగలేరు కాబట్టి రెండింటిలోనూ ప్రాక్సీ ఆన్ చేయండి. ప్రాక్సీ అంటే అదే క్లిప్పుకి చిన్న సైజు నకలు. దాని మీద కట్ చేస్తారు, చివరి ఎక్స్‌పోర్ట్‌కి అసలు ఫైలు దానంతటదే వచ్చేస్తుంది. గోప్రో తీసేటప్పుడే ఎల్‌ఆర్‌వీ అనే చిన్న ఫైళ్లు కూడా రాసుకుంటుంది. అవి పెన్‌డ్రైవ్‌లో ఉంటే పనికిరానివనుకుని తీసేయకండి. చివర ఎంపీ4 అని పేరు మార్చితే మామూలు వీడియోలా తెరుచుకుంటాయి, ఏ ముక్క ఎక్కడుందో వెతుక్కోవడానికి హాయిగా ఉంటాయి.

డావిన్చీ రిజాల్వ్ గురించి మీరు అడగలేదు, కానీ ముందుముందు నేర్చుకోదగినది అదే. ఉచిత వెర్షన్‌లోనే 4కే, సెకనుకి 60 ఫ్రేముల దాకా ఎక్స్‌పోర్ట్ అవుతుంది. రంగులు దిద్దడంలో దానికి సాటి వచ్చేవి తక్కువ. అయితే దానికి 16 జీబీ ర్యామ్, ఓ మాదిరి గ్రాఫిక్స్ కార్డు కావాలి. మీ లాప్‌టాప్‌లో వేసి దాన్నీ మిమ్మల్నీ ఇబ్బంది పెట్టుకోకండి. కొత్త మెషీన్ కొన్న రోజున మొదట అది వేసుకోండి. ఫైనల్ కట్ మ్యాక్, ఐప్యాడ్ ఉన్నవాళ్లకే. ఫోన్‌లో ఇన్‌షాట్, కైన్‌మాస్టర్ లాంటివి 30 సెకన్ల రీల్‌కి చాలు, అంతకు మించి వద్దు.

సాఫ్ట్‌వేర్ ఏదైనా ఒక సెట్టింగ్ దగ్గర మన పెళ్లి ఎడిటర్లు దాదాపు అందరూ దెబ్బతింటారు. మన స్టూడియో ప్రాజెక్టులు సెకనుకి 25 ఫ్రేముల మీద ఉంటాయి. మీకు వచ్చిన ఫుటేజీ 60 లేదా 30 ఫ్రేములది అయి ఉండొచ్చు. 60ని 25లో పడేస్తే ఫ్రేములు సమానంగా రాలవు, కదలిక తడబడుతుంది. పెళ్లిపీటల మీద కూర్చున్నవాళ్లలో అది తెలియదు. 200 కిలోమీటర్ల వేగంతో పడే మనిషిలో ప్రతి సెకనూ తెలుస్తుంది. క్లిప్పు ప్రాపర్టీస్ చూసి 59.94 అని ఉంటే ప్రాజెక్టుని 29.97కి పెట్టండి. సరిగ్గా ఒక ఫ్రేము విడిచి ఒక ఫ్రేము తీసుకుంటుంది. సగం వేగానికి తగ్గించినప్పుడు అన్ని ఫ్రేములూ వాడుకుంటుంది, కల్పించిన ఫ్రేములతో పని ఉండదు. అంతకన్నా నెమ్మదిగా లాగితే సాఫ్ట్‌వేర్ మధ్యలో లేని ఫ్రేములు సృష్టిస్తుంది. వేళ్ల చుట్టూ, పారాచూట్ తాళ్ల చుట్టూ నీడలు సాగినట్టు కనిపించేది దానివల్లే. 50 అని ఉంటే మీ 25 ప్రాజెక్టే సరిపోతుంది.

ఊగే షాట్ల సంగతి. ఫ్రీఫాల్ షాట్ల మీద స్టెబిలైజర్, అంటే ఊపు తగ్గించే ఎఫెక్టు, వేయకండి. ఫ్రేము నిండా మీ అన్నయ్య ముఖమే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఆ ముఖాన్ని పట్టుకుని నిలబెట్టాలని చూస్తే వెనక ఉన్న ఆకాశం, భూమి జెల్లీలా వంకర్లు పోతాయి. పైగా ఈ కెమెరాలు చాలావరకు తీసేటప్పుడే స్థిరం చేసేస్తాయి, దాని మీద ఇంకోసారి వేస్తే అన్నం మీద అన్నం వండినట్టే. ఆ కుదుపు ఉండాలి కూడా. విమానంలో తీసినవి, ల్యాండింగ్ తర్వాత నడుస్తూ తీసినవి ఉంటాయి కదా, వాటికి తేలిగ్గా వేసుకోండి. కెమెరాలో స్టెబిలైజేషన్ ఆపి తీసిన క్లిప్పులైతే జైరోఫ్లో అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. కెమెరా ఎటు ఎంత తిరిగిందో గోప్రో ఫైలులోనే రాసుకుంటుంది, జైరోఫ్లో ఆ లెక్క చదివి సరిచేస్తుంది. బొమ్మని చూసి ఊహించే పద్ధతి కన్నా ఇది చాలా నమ్మకం. అసలు ఫైలు ఉంటేనే ఆ లెక్క ఉంటుంది. వాట్సాప్‌లో వీడియోగా వచ్చినదాంట్లో ఉండదు.

చేయి అలవాటు కావాలంటే, పోయిన కనుమకి జగ్గన్నతోటలో ప్రభలు తీసిన క్లిప్పులు మీ దగ్గర ఉండే ఉంటాయి. కౌశిక నదిలోకి దిగి ప్రభని దాటించేటప్పుడు జనంలో నలుగుతూ తీసినవి తీసుకోండి. ఊపు, అరుపులు, ఒక్కసారి ఒడ్డెక్కాక కుదుటపడటం, అన్నీ ఉంటాయి. ఒకే క్లిప్పుని స్టెబిలైజర్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కడ ఊపు కావాలో, ఎక్కడ వద్దో మీ కంటికే తెలుస్తుంది. నేను నేర్చుకున్నది అలాంటి క్లిప్పుల మీదే.

రెండు కెమెరాలూ కలపడానికి కాళ్లు తలుపు వదిలిన ఫ్రేము పట్టుకోండి, రెండింట్లోనూ అది స్పష్టంగా ఉంటుంది. దూకడాన్ని బయటి కెమెరాలో చూపించండి, కనీసం ఐదారు సెకన్లు కట్ లేకుండా. విమానం చిన్నదైపోతూ కనిపించాలి. ఎంత ఎత్తు నుంచి పడ్డాడో ఆ ఒక్క షాటే చెబుతుంది. తర్వాత ముఖం కోసం హ్యాండ్‌క్యామ్‌కి వెళ్లండి. తాళానికి తగ్గట్టు అటూ ఇటూ మారుస్తూ పోకండి. ఏదైనా మారినప్పుడే కట్ పడాలి. కళ్లు తెరిచాడు, చేతులు చాచాడు, కింద సముద్రం కనిపించింది. అలా.

పారాచూట్ తెరుచుకునే చోట బయటి కెమెరాలో ఒక వింత ఉంటుంది. మీ అన్నయ్య ఒక్కసారిగా పైకి ఎగిరిపోయినట్టు కనిపిస్తాడు. నిజానికి ఆయన వేగం తగ్గింది, కెమెరామన్ ఇంకా అదే వేగంతో పడుతున్నాడు. శబ్దం కోయాల్సింది సరిగ్గా ఆ షాట్ మీద. అక్కడి నుంచి హ్యాండ్‌క్యామ్‌లోని నిశ్శబ్దానికి వెళ్లండి. కెమెరామన్ ముందే దిగిపోతాడు కాబట్టి ల్యాండింగ్ మళ్లీ ఆయన కెమెరాలో దొరుకుతుంది. రంగుల పని ఎక్కువ వద్దు. విమానం లోపలి చీకటి నుంచి బయటి వెలుగులోకి వచ్చేటప్పుడు ఒక క్షణం తెల్లబడిపోతుంది, దాన్ని దిద్దకండి, కంటికి జరిగేదీ అదే. సముద్రం మీది మసకకి కాంట్రాస్ట్ కొంచెం పెంచితే చాలు.

గోప్రో పెద్ద రికార్డింగుని ముక్కలు చేసి రాస్తుంది. పేరులో అక్షరాల తర్వాతి రెండు అంకెలు ముక్క నంబరు, చివరి నాలుగు వీడియో నంబరు. పేర్ల వరుసలో పెడితే వేరే వేరే వీడియోల మొదటి ముక్కలన్నీ ఒకచోట చేరి తికమక పెడతాయి, చివరి నాలుగు అంకెలు చూసి జతచేయండి. పెన్‌డ్రైవ్ మీద నేరుగా పనిచేయకండి. సెకనుకి 100 మెగాబిట్ల ఫుటేజీ అంటే నిమిషానికి 750 ఎంబీ, 10 నిమిషాలకి ఏడున్నర జీబీ. ముందు దాన్ని రెండుచోట్ల కాపీ చేసి, పెన్‌డ్రైవ్ బీరువాలో పెట్టేయండి. ఆ జంప్ మళ్లీ తీయలేం.

అమ్మమ్మగారి గురించి. పెద్దవాళ్లు చూసే వీడియో అయితే నేను చివరిదాన్ని మొదట పెడతాను. మీ అన్నయ్య నేల మీద నిలబడి నవ్వుతున్న ఐదు సెకన్లతో మొదలుపెట్టండి. "అమ్మమ్మా, నేను బాగానే దిగానే" అని ఒక మాట ఫోన్‌లో రికార్డు చేసి పంపమనండి. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి, వీడియోగా పంపితే నాణ్యత పోతుంది. ఫోన్ వీడియోల్లో ఫ్రేము రేటు మారుతూ ఉంటుంది, టైమ్‌లైన్‌లో మాటకీ పెదాలకీ పొంతన తప్పవచ్చు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాంలో కాన్‌స్టంట్ ఫ్రేము రేటుకి మార్చి వాడండి. మనవడు క్షేమంగా దిగాడని ముందే తెలిస్తే ఆవిడ టెన్షన్ లేకుండా చూస్తారు. పారాచూట్ తెరుచుకుంటుందా లేదా అన్నట్టు ఉత్కంఠ సంగీతం మాత్రం దయచేసి పెట్టకండి. బీపీ మాత్రలు వేసుకునే మనిషి ముందు అలాంటి ఆట వద్దు. నిడివి నాలుగు నిమిషాలు మించొద్దు. నేల మీది కబుర్లు, విమానం కలిపి నిమిషంన్నర, ఫ్రీఫాల్ ఒక్క నిమిషం లోపు, మిగిలిందంతా పారాచూట్ కింద, దిగాక. మొత్తం ఫుటేజీ మీ అన్నయ్యకి విడిగా ఇవ్వండి, అది ఆయన సొత్తు.

ఇంటర్నెట్‌లో పెట్టే ముందు ఆయన్ని అడగండి. గాలికి చొక్కా పైకెగిరిన ఫ్రేములు, కన్నీళ్లు పెట్టుకున్న ఫ్రేములు ఉంటాయి. ముందు ముందు ఆడవాళ్ల జంప్ వీడియో మీ చేతికొస్తే ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ ఉండాలి. వాళ్లు చూసి సరేనన్నాకే మీ పేజీలో పెట్టుకోండి.

గోప్రో ఇచ్చి పంపొద్దు. టాండెమ్‌లో వెళ్లేవాళ్లని సాధారణంగా సొంత కెమెరా తీసుకెళ్లనివ్వరు. చేతి నుంచి జారితే కింద ఉన్నవాళ్లకి ప్రమాదం, తాళ్లలో ఇరుక్కుంటే పైనున్నవాళ్లకి ప్రమాదం. సొంతంగా దూకేవాళ్లు కూడా కనీసం 200 జంపుల తర్వాతే కెమెరా పెట్టుకోవాలని అమెరికా పారాచూట్ సంఘం సిఫారసు చేస్తుంది. కెమెరా మనసుని ఎంతగా లాగేస్తుందో చెప్పడానికి ఒక నిజం చాలు. 1988లో అమెరికాలో వందల జంపులు చేసిన ఒక కెమెరామన్, చిత్రీకరణ పరికరాలన్నీ తగిలించుకుని, పారాచూట్ వేసుకోకుండానే విమానం నుంచి దూకేశాడు. ఆయన తీసిన చివరి వీడియో మిగిలింది, ఆయన మిగల్లేదు. మీ అన్నయ్య వీడియో తీసిన ఆ కెమెరామన్ ఎంత క్రమశిక్షణతో ఉండి ఉంటాడో ఆలోచించండి. టైటిల్స్‌లో ఆయన పేరు వేయండి, కనుక్కుని మరీ వేయండి.

ఈ పని మీద బతకొచ్చా అంటే, ఇదొక్కటే నమ్ముకుని డెల్టాలో ఇల్లు గడపడం కష్టమని చెప్పాలి. జంప్ జరిగేచోట వాళ్ల ఎడిటర్లే ఉంటారు, చాలాచోట్ల దూకినవాళ్లు ఇంటికి వెళ్లేలోపే వీడియో చేతిలో పెట్టేస్తారు. పెళ్లిళ్లు వదలకండి. అయితే కోనసీమలో గల్ఫ్‌కి మనిషిని పంపని ఇల్లు అరుదు. అక్కడ దూకినవాళ్లు, ఎడారిలో బండి తోలినవాళ్లు, ఫుటేజీ ఫోన్‌లో పెట్టుకుని ఏం చేయాలో తెలియక ఉన్నవాళ్లు మీ చుట్టాల్లోనే పదిమంది తేలతారు. వాళ్లకి కావాల్సింది దుబాయ్ స్టూడియో ఇచ్చే రెడీమేడ్ వీడియో కాదు, ఇంట్లోవాళ్లకి చూపించుకునే వీడియో. అది మీరు చేయగలరు. మొదటి రెండు మూడు తక్కువకి చేసినా, ఊరికే మాత్రం చేయకండి.

ఇంకొన్ని పనులు. ఎక్స్‌పోర్ట్ 1080పీ, హెచ్.264, ఎంపీ4, 15 నుంచి 20 మెగాబిట్లు పెట్టండి. అద్దె ప్రొజెక్టరుకి 4కే దండగ, హెచ్‌ఈవీసీ అయితే తెరుచుకోకపోవచ్చు. కరెంటు పోయే వేళ రెండర్ పెట్టకండి, యూపీఎస్ ఉన్న స్టూడియోలోనే చేయండి. భోగికి ముందురోజు రాత్రే పెరట్లో తెర కట్టి ఒకసారి వేసి చూడండి. దుప్పటి అయితే కింది అంచుకి వెదురు కట్టండి, లేకపోతే కాలవ గాలికి ఆకాశమంతా ఊగుతుంది. ప్రొజెక్టరులో ఉండే స్పీకరు సరిపోదు, స్టూడియో స్పీకర్లు పట్టుకెళ్లండి. పిల్లలకి ముందే చెప్పి ఉంచండి, పారాచూట్ తెరుచుకున్నాక కాసేపు ఎవరూ అరవకూడదని. మీ అన్నయ్యని అమ్మమ్మగారి పక్కనే కూర్చోబెట్టండి.